రాటర్‌డామ్‌లో నా పేరు చెప్పండి

ఏప్రిల్ 6, 1985, శనివారం

ఈ డైరీ బావకి వాళ్ళ మందుల కంపెనీలో ఇచ్చారు. ప్రతి పేజీ కింద ఓ మాత్ర బొమ్మ. జనవరి నుంచీ నా దగ్గర ఖాళీగా పడుంది. ఇవాళ మొదలెట్టాను, ఎందుకంటే ఇది ఇంకెవరికీ చెప్పుకునే సంగతి కాదు.

సాయంత్రం రాధాకృష్ణ గారింట్లో భోజనాలు. మా అపార్ట్‌మెంట్ వెనక బిల్డింగే. వాళ్ళమ్మా నాన్నా ఆరు నెలలుండి ఇరవై నాలుగున ఇండియా వెళ్ళిపోతున్నారు. నాన్నగారు భీమశంకరం మాస్టారు, అమలాపురం హైస్కూల్లో జాగ్రఫీ చెప్పి రిటైరయ్యారు. భోజనానికి వెళ్ళింది అక్క, బావ, నేను, మా ట్రావెల్ ఏజెన్సీ ఓనరు విజయశ్రీ గారు. నేను అక్కడ టికెట్లు ఇళ్ళకి చేరేసే పని చేస్తున్నాను. ఏడాదిలో ఇది నాలుగో ఉద్యోగం. బావ లెక్కపెడుతుంటాడు, నేను కాదు.

మాస్టారు పెరుగన్నంలో ఉండగా అన్నారు, "అమ్మాయ్ విజయశ్రీ, విమానం ఎలాగూ ఆమ్‌స్టర్‌డామ్‌లో మారాలన్నావు కదా. అక్కణ్ణుంచి రాటర్‌డామ్ రైల్లో గంట. రెండ్రోజులు ఆగి చూసి పోతాం."

"అందరూ పారిస్ చూస్తారు నాన్నా. రాటర్‌డామ్‌లో ఏముంది, క్రేన్లు," అన్నాడు రాధాకృష్ణ గారు.

"ప్రపంచంలోకెల్లా పెద్ద రేవురా. ముప్పై నాలుగేళ్ళు మ్యాప్ మీద కర్ర పెట్టి చూపించాను. ఒక్కసారి కాలు పెట్టి చూసుకోనీ."

అంతే, మా రేణక్క లేచింది. "మా రత్నం చూశాడు మాస్టారూ! ఓడలో పని చేసినప్పుడు ఊరంతా తిరిగాడు. నాకు అక్కణ్ణుంచే ఉత్తరం రాశాడు." ఆ ఉత్తరం దాని హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది, డ్రైవింగ్ లైసెన్సు పక్కన. తీసి చదివింది. "టవరు పైకి ఎక్కాను అక్కా, గాలికి చెవులు గుయ్‌మన్నాయి..." నాలుగేళ్ళ నుంచీ ఎవరింటికెళ్ళినా ఇదే. నాకు చదువు లేదు, ఉద్యోగం నిలవదు, తమ్ముడి గురించి గొప్పగా చెప్పుకోడానికి దానికున్నది ఆ ఒక్క కాగితం.

బావ ఊరుకుంటాడా. "వీడికి కారిచ్చి పక్కూరు ఎడిసన్ పంపితే ఎక్కడో ప్రిన్స్‌టన్‌లో తేలతాడండీ. రాటర్‌డామ్ అంతా ఎలా తిరిగాడో ఆ దేవుడికే ఎరుక. ఏరా కొలంబస్?"

ఆ మాట అనకపోతే నేనూ నోరు మూసుకునేవాణ్ణి. ఒట్టు. "రాటర్‌డామ్ నాకు కొట్టిన పిండి మాస్టారూ," అన్నాను.

మాస్టారు చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయి నా వైపు చూశారు. పదో క్లాసులో ఏ మాస్టారూ నన్నలా చూడలేదు. రెండుసార్లు తప్పాను కదా, రెండుసార్లూ చూడలేదు.

విజయశ్రీ గారన్నారు, "అయితే రాసివ్వు అబ్బాయ్. తెలుగులో. ఏది ఎక్కడుంది, ఎలా వెళ్ళాలి, ఏం తినాలి. బాగుంటే సమ్మర్లో వెళ్ళేవాళ్ళందరికీ జిరాక్స్ తీసి ఇద్దాం. నిన్ను డెస్కు దగ్గర కూచోబెడతాను."

డెస్కు. ఫోను, తిరిగే కుర్చీ, పేరు రాసిన చెక్క.

ఏప్రిల్ 7

రాయాలి. రేపు మొదలెడతా.

ఏప్రిల్ 9

చూశానా లేదా అంటే, చూసినట్టే. ఓడ అక్కడ తొమ్మిది రోజులుంది. తొమ్మిది రోజులు ఆ నీళ్ళ మీదే తిన్నాను, పడుకున్నాను. రేవు కూడా ఊళ్ళో భాగమే కదా. బోర్డు మీద రాటర్‌డామ్ అనే ఉంది. కాకపోతే ఓడ కట్టిన ఆ డాకు నుంచి ఊరు ముప్పై కిలోమీటర్లు. అది నా తప్పా?

వెళ్దామనే అనుకున్నాను. చీఫ్ కుక్కు వదల్లేదు. మూడు బస్తాల ఉల్లిపాయలు ముందేశాడు.

డాకు పక్కన ఓడవాళ్ళ క్లబ్బులో మాత్రం ఓ మధ్యాహ్నం పింగ్‌పాంగ్ ఆడాను. అక్కడే మడతపెట్టే పోస్టుకార్డుల పుస్తకం కొన్నాను, పన్నెండు బొమ్మలు. అక్కకి రాసిన ఉత్తరం ఆ బొమ్మలు చూసి రాసిందే. అవి ఇంకా ఉన్నాయి. పన్నెండూ మంచం మీద పరిచాను. టవరు. గాలిమరలు. పడవ. పూల సంత. రెండు చేతులూ పైకెత్తి అరుస్తున్న మనిషి విగ్రహం ఒకటి, ఎందుకు అరుస్తున్నాడో తెలీదు. మిగతావన్నీ క్రేన్లు. రాధాకృష్ణ గారు చెప్పింది నిజమే.

ఏప్రిల్ 13

లైబ్రరీకి వెళ్ళాను. హాలండ్ గురించి ఒకే పుస్తకం ఉంది, 1958ది. ఫోటోల్లో ఊరంతా కట్టుబడిలోనే ఉంది. నేను పుట్టకముందు పుస్తకం నమ్ముకుని మాస్టార్ని పంపడమా? తెచ్చుకున్నాను మరి.

ఏప్రిల్ 17

మూడు పేజీలయ్యాయి! రాయడం ఇంత తేలికని తెలిస్తే స్కూలు మానేవాణ్ణి కాదేమో.

టవరు స్టేషన్ పక్కనే అని రాశాను. పోస్టుకార్డులో టవరు ఉంది, పక్క పోస్టుకార్డులో స్టేషన్ ఉంది. గాలిమరలు పూల సంత నుంచి నడిచి వెళ్ళేంత దూరం. పాత కోటా రాజుగారి ప్యాలెస్సూ ఉన్నాయని కూడా రాసేశాను, యూరప్‌లో అవి లేని ఊరుంటుందా. పేజీ నిండకపోతే మా ఓడలో డెక్కు పనివాళ్ళ మేస్త్రీ, బోసన్ ఆల్బర్ట్ చెప్పిన కోత కూడా ఒకటి పెట్టాను: నది కింద సొరంగం ఉందట, అందులో జనం నడిచి ఆ ఒడ్డుకి వెళ్తారట, దిగడానికి చెక్క మెట్లు వాటంతటవే కదుల్తాయట. ఆల్బర్ట్ తాగినప్పుడు ఇంకా చాలా చెప్పేవాడు. ఇదొక్కటే ఆడవాళ్ళ ముందు చదవచ్చు.

మూడు పేజీలూ విజయశ్రీ గారికి చూపించాను. "బాగానే ఉంది కానీ రత్నం, కొత్త ఊరు, భాష రాదు. పెద్దవాళ్ళకి కాస్త ధైర్యం కావాలి," అన్నారు.

ధైర్యానికి మనవాళ్ళ దగ్గర ఒకటే మందు. తిరపతి వెళ్ళినా, పెద్దాసుపత్రికి వెళ్ళినా, "ఫలానా ఆయన్ని కలవండి, నా పేరు చెప్పండి" అంటే చాలు, సగం పనైపోయినట్టే. అందుకని రాశాను: "టవరు టికెట్ కిటికీలో నా పేరు చెప్పండి." బాగుందనిపించింది. పడవ దగ్గర కూడా రాశాను. పూల సంతలో కూడా. మొత్తం ఆరు చోట్ల.

విజయశ్రీ గారు చదివి, "అబ్బో! గట్టివాడివే," అన్నారు.

ఏప్రిల్ 19

న్యూయార్క్‌లో హాలండ్ టూరిస్ట్ ఆఫీసుందని ఇవాళ తెలిసింది. ఫోన్ చేశాను. బ్రోషర్లు ఉచితం, నాలుగైదు రోజుల్లో వస్తాయంది ఆవిడ. ఈ ఫోను ఏడో తారీకున చేసుంటే.

ఏప్రిల్ 20, శనివారం

పదకొండు పేజీలు తీసుకెళ్ళి మాస్టారికిచ్చాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ఎర్ర పెన్సిల్ చేత్తో పట్టుకుని కూచున్నారు. నేను పరీక్ష హాల్లో లాగే కుర్చీ అంచు మీద కూచున్నాను.

"టవరు స్టేషన్‌కి ఏ దిక్కునోయ్?"

"...తూర్పు."

"నది?"

"నది కూడా తూర్పేనండి."

"అయితే టవరు నది ఒడ్డునుందా?"

"ఆఁ, దాదాపు."

"స్టేషన్ కూడా నది ఒడ్డునే అన్నమాట." ఆయన మ్యాప్ గీసుకుంటున్నారు. నేను చెప్పిన ప్రతి అబద్ధానికీ ఓ గీత.

అమ్మగారు కాఫీ తెచ్చారు. అనంతలక్ష్మి గారు. ఆవిడ అడిగింది వేరు. "నాయనా, అక్కడెవరికైనా హిందీ వచ్చునా? నేను పంతొమ్మిదో ఏట హిందీ విశారద పరీక్ష పాసయ్యాను. ఇన్నేళ్ళలో మాట్లాడ్డానికి ఒక్క మనిషి దొరకలేదు. అమలాపురంలో ఎవరున్నారు చెప్పు, రైలు స్టేషనే లేదు, పైవాళ్ళెవరొస్తారు."

"లేదు అమ్మగారూ, అంతా డచ్చే," అన్నాను. ఆ ఒక్కటీ కచ్చితంగా తెలుసు గనక చెప్పాను.

"ఈవిడ హిందీకి ఇంట్లో నేనొక్కణ్ణే బలి," అన్నారు మాస్టారు. తర్వాత కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, నా భుజం మీద చెయ్యేశారు. "చూసినవాడు చెప్తే వేరోయ్. నా వయసుకి ఇంకోసారి అటు వెళ్ళను. ఈ రెండ్రోజులూ నీ చేతిలో పెట్టాను."

ఓడలో ఉల్లిపాయల సంగతి అబద్ధం. చీఫ్ కుక్కు వెళ్ళమనే అన్నాడు. వర్షం పడుతోందని నేనే వెళ్ళలేదు.

ఏప్రిల్ 24

మాస్టారు వాళ్ళని కెనడీ ఎయిర్‌పోర్ట్‌కి నేనే డ్రైవ్ చేశాను. రాధాకృష్ణ గారు ముందు సీట్లో. దారంతా చెప్పేద్దామనే అనుకున్నాను. వెరజానో బ్రిడ్జి మీద నోరు తెరిచాను కూడా.

"మాస్టారూ, ఒక సంగతి..."

"తెలుసు. నీ పేరు చెప్పాలి. రత్నం, కాకినాడ, ఓడ పేరు కూడా రాసుకున్నాను," అన్నారు వెనక సీట్లోంచి.

రాధాకృష్ణ గారు నవ్వాడు. "నాన్నా, వాళ్ళకేం గుర్తుంటుంది?"

"మంచివాణ్ణి ఎవరూ మర్చిపోరురా."

టోలుకి చిల్లర వెతుక్కున్నాను. అంతే, బ్రిడ్జి అయిపోయింది.

గేటు దగ్గర అమ్మగారు పులిహోర పొట్లం నా చేతిలో పెట్టింది. మాకు రెండున్నాయి, నీకొకటి అంది. పార్కింగ్‌లో కూచుని తిన్నాను. గొంతు దిగింది, దిగలేదని అబద్ధం రాయను. చాలా బాగుంది.

ఏప్రిల్ 25

బ్రోషర్లు వచ్చాయి.

ఏప్రిల్ 25, మళ్ళీ

టవరు స్టేషన్ పక్కన లేదు. ఊరికి ఆ చివర, నది పక్క పార్కులో ఉంది. గాలిమరలు పదిహేను కిలోమీటర్లు, పడవలో వెళ్ళాలి. ప్యాలెస్ లేదు. పూల సంత పక్కన ఇళ్ళు కట్టారట కొత్తగా, పాచికలు మూల మీద నిలబెట్టినట్టు, పసుపు రంగువి. నా పదకొండు పేజీల్లో వాటి మాటే లేదు.

సొరంగం ఉంది! చెక్క ఎస్కలేటర్ ఉంది! సైకిల్ పట్టుకుని దిగుతున్నవాడి ఫోటో కూడా ఉంది. ఆల్బర్ట్, క్షమించరా. రాసినవాటిల్లో ఏది పచ్చి అబద్ధమనుకున్నానో, అదొక్కటే నిజం.

ఇప్పుడు అక్కడ మధ్యాహ్నం. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి స్టేషన్ బయట నిలబడి తూర్పుకి చూస్తుంటారు.

ఏప్రిల్ 26

హోటల్‌కి ఫోన్ చేద్దామని విజయశ్రీ గారి డెస్కు దగ్గర రెండుసార్లు నిలబడ్డాను. మూడోసారి ఆవిడే అడిగారు, "ఏం కావాలి?" కాఫీ కలపమంటారా అన్నాను.

ఏప్రిల్ 27

వర్షం కూడా కాదు. ఆ రోజు ఎండ కాసింది, గుర్తుంది నాకు. ఓడలో కుర్రాళ్ళందరూ చొక్కాలు ఇస్త్రీ చేసుకుని ఊళ్ళోకి బస్సెక్కారు. రత్నం రారా అన్నారు. కడుపునొప్పన్నాను. బస్సు దిగాక దారి ఎవరినైనా అడగాలి, నాకు వచ్చింది నాలుగు ముక్కల ఇంగ్లీషు, వాళ్ళు తిరిగి ఏదో అడుగుతారు, నేను తెల్లమొహం వేస్తాను. అందరి ముందూ. స్కూల్లో నిలబెట్టినట్టే. అందుకే వెళ్ళలేదు. అంతే. ఇంకేం లేదు.

మే 1

రాధాకృష్ణ గారికి ఇండియా నుంచి ఫోన్ వచ్చిందట. మూడు నిమిషాల కాల్. "ట్రిప్పు బ్రహ్మాండం అన్నారు నాన్న! రత్నం, యూ ఆర్ గ్రేట్!" అని ఏజెన్సీకొచ్చి చెయ్యి ఊపేశాడు.

బ్రహ్మాండమా? ఏది? మూడు నిమిషాల్లో రెండు "హలో హలో వినిపిస్తోందా" అయ్యుంటాయి.

అయినా, బాగుందనే అన్నారు కదా.

మే 5

అక్క ఊరంతా టాంటాం వేసింది. ఎవరింట్లో చూసినా రాటర్‌డామే. సమ్మర్లో అటు ఆగేవాళ్ళు తొమ్మిది కుటుంబాలు తేలారు. బావ కూడా ఇవాళ కొలంబస్ అనలేదు. "రత్నం" అన్నాడు. భయమేసింది.

మే 14

మాస్టారి ఉత్తరం. నీలం ఏరోగ్రామ్, నా పేరు మీద, ఏజెన్సీ అడ్రసుకి. కారులో కూచుని చదివాను. మళ్ళీ మళ్ళీ చదివాను. ఇక్కడ ఎక్కించుకుంటాను, కాగితం పోయినా ఉంటుంది.

"చి. రత్నానికి ఆశీస్సులు. స్టేషన్ బయటికి రాగానే తూర్పుకి చూశాం. టవరు లేదు. నలుగుర్ని అడిగి ట్రామెక్కి వెళ్ళాం. నువ్వు రాసినట్టే కిటికీలో నీ పేరు చెప్పాను. ఆయన పక్కాయన్ని పిలిచాడు. పక్కాయన లోపలాయన్ని పిలిచాడు. ముగ్గురూ రత్నం, రత్నం అని పలికి చూశారు. చాలా శ్రద్ధ గల మనుషులు. నువ్వు ఊరు చూడలేదని నాకక్కడే తెలిసింది. కోపం రాలేదని రాద్దామనుకున్నాను. వచ్చింది. పైకెక్కి రేవు చూశాక సగం పోయింది. అంత దూరం చూపు ఆనిన మేరా క్రేన్లే నాయనా, మా క్లాసులో మ్యాప్ మీద అది కర్ర మొన అంత చుక్క.

"తర్వాత మీ అమ్మగారు, అదే మా ఆవిడ, పట్టుబట్టింది, రాజుగారి ప్యాలెస్ చూడాలని. ట్రాం స్టాపులో ఒకావిడ, నల్లగా, మన ఆడవాళ్ళలాగే ఉంది, పాపిట్లో బొట్టు. డచ్చివాళ్ళు ఏలిన సురినామ్ నుంచి వచ్చిందట. వాళ్ళ ముత్తాతని బీహార్ నుంచి చెరకు తోటలకి తీసుకెళ్ళారట. ఈవిడ విశారద హిందీ ఆవిడకి అర్థం కాదు, ఆవిడ హిందీ ఈవిడకి అర్థం కాదు. అయినా నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు వదల్లేదు. మీ అమ్మగారు ప్యాలెస్ అడిగితే ఆవిడ నవ్వింది. మమ్మల్ని ఒక విగ్రహం దగ్గరికి తీసుకెళ్ళింది. చేతులు పైకెత్తిన మనిషి. పొట్ట ఉండాల్సిన చోట పెద్ద కంత. 1940 యుద్ధంలో పావుగంట బాంబులు వేస్తే ఊరు నడిబొడ్డంతా కాలిపోయిందట. ఇప్పుడున్నదంతా తర్వాత కట్టుకున్నదట. అందుకే అంత కొత్తగా ఉంది.

"ముప్పై నాలుగేళ్ళు ఆ ఊరి గురించి చెప్పాను రత్నం. ఏ దేశం సరుకు ఎన్ని టన్నులు దిగుతుందో పిల్లల చేత బట్టీ పట్టించాను. ఊరు కాలిపోయిందని చెప్పలేదు. నాకు తెలీదు. చూడకుండా చెప్పినవాణ్ణి నేనూను. తేడా ఒకటే, నా మాట నమ్మి మా పిల్లలెవరూ అక్కడ దిగి టవరు కోసం వెతుక్కోలేదు.

"సొరంగం మాత్రం ఒప్పు. పూర్తి మార్కులు. చెక్క మెట్ల మీద చీర పడుతుందని మీ అమ్మగారు కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని దిగింది. నెత్తి మీద నది, నది మీద ఓడలు. మధ్యలో నిలబడి నేను గట్టిగా అరిచాను, ఎందుకో తెలీదు. సైకిలు మీద వెళ్తున్నవాడు కూడా అరిచాడు. పాచికలు ఒరిగినట్టు వంకరగా కట్టిన పసుపు ఇళ్ళు కూడా చూశాం. మీ అమ్మగారు చుట్టూ తిరిగి, ఈ ఇంటికి ఈశాన్యం ఎటండీ అంది. మ్యాప్ తిప్పి తిప్పి చూశాను. మర్నాడు పడవలో గంటన్నర రేవంతా తిప్పారు. నేను టన్నులు చెప్తుంటే ఆవిడ హాయిగా నిద్రపోయింది.

"నీ కాగితాలు ఎర్ర పెన్సిల్‌తో దిద్దాను. వందకి ఇరవై తొమ్మిది. మీ అమ్మగారు గ్రేసు మార్కులు ఆరు కలిపింది. పాసయ్యావు. మా వాడికి ఇవేవీ చెప్పలేదు. చెప్పడం నా పని కాదు. ఇట్లు, భీమశంకరం."

పాసయ్యానట.

మే 16

బ్రోషర్ పక్కన పెట్టుకుని పదకొండు పేజీలూ మళ్ళీ రాశాను. టవరు ఎక్కడుందో అక్కడే పెట్టాను. గాలిమరలకి పడవ రాశాను. ప్యాలెస్ కొట్టేశాను. విగ్రహం సంగతి, ట్రాం సంగతి, చెప్పులు చేత్తో పట్టుకోవాలని, అన్నీ. ఇప్పుడిందులో ఒక్క తప్పు లేదు. ఇంకెవరూ స్టేషన్ బయట నిలబడరు. ఇక చెప్పాల్సిన పనేముంది?

విజయశ్రీ గారు చదివారు. "నీ పేరు చెప్పమన్నవి తీసేశావేం? అవే బాగున్నాయి. మనవాళ్ళకి అదే కదా ధైర్యం. పెట్టెయ్. సోమవారం జిరాక్స్‌కి ఇస్తాను." వెళ్తూ వెళ్తూ, "డెస్కు చెక్క మీద ఏం రాయించను? రత్నం చాలా, ఇంటిపేరు కూడానా?"

మే 17

చెప్పేశాను. విజయశ్రీ గారికి. నిలబడే చెప్పాను, కూచుంటే లేవలేనేమోనని. కడుపునొప్పి దగ్గర్నుంచి ఇరవై తొమ్మిది మార్కుల దాకా.

ఆవిడ చాలాసేపు కాలిక్యులేటర్ మీద వేలు ఆడించారు. ఏమీ లెక్కవేయలేదు.

"ఊరు చూడకుండా టికెట్టు అమ్మడం నేరమైతే నేను జైల్లో ఉండాలి. హోనలూలూ నెలకి ముగ్గుర్ని పంపుతాను, నేను సముద్రం చూసింది మచిలీపట్నంలో," అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడన్నారు, "కానీ అక్కడ నా పేరు చెప్పండని ఎవరికీ చెప్పలేదు. ఆయన నీ పేరు చెప్పాడుగా కిటికీలో. పెద్దాయన." నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

"రేణుకి చెప్పావా?"

"లేదండీ."

"ఈ ఊళ్ళో ఇంటింటికీ చదివి వినిపించింది నేను కాదు, నువ్వు కాదు, అది. ముందు దానికి చెప్పి రా. డెస్కు మాట తర్వాత."

మే 18, శనివారం

అక్క సోఫాలో బట్టలు మడతపెడుతోంది. బావ షాపింగ్‌కి వెళ్ళాడు. బావ లేకపోవడం చూసుకునే చెప్పాను, అదీ నా ధైర్యం.

విన్నంతసేపూ బావ చొక్కా ఒక్కటే మడిచింది, విప్పింది, మడిచింది. తర్వాత హ్యాండ్‌బ్యాగ్ తెచ్చి ఉత్తరం తీసింది. మడతల దగ్గర చిరిగిపోయి, టేపు వేసుంది. ఎప్పుడు వేసిందో.

"టవరు మీద గాలికి చెవులు గుయ్‌మన్నాయని రాశావు."

"అది ఓడ మీద గాలి అక్కా. డెక్కు మీద."

"మరి ఇక్కడ జనం చాలా మంచివాళ్ళు అని రాశావు."

"క్లబ్బులో పింగ్‌పాంగ్ ఆడినాయన మంచివాడు. ఒక్కడే."

"పోస్టుకార్డులు చూసి రాశావా నాకు?"

"అవును."

ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే బతిమాలచ్చు, మా అక్కని బతిమాలడం నాకు బాగా వచ్చు. ఏడవలేదు. లేచి వెళ్ళి వంటింట్లోంచి ఫోన్ నంబర్ల పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. పొడుగు తీగ ఈడ్చుకుంటూ ఫోన్ కూడా తెచ్చి బట్టల మీద పెట్టింది.

"నాలుగేళ్ళలో వీళ్ళందరికీ చదివాను. ప్లెయిన్స్‌బరోలో చదివాను, ఎడిసన్‌లో చదివాను, మిషిగన్ పెళ్ళికెళ్తే అక్కడ మైకులో చదవమన్నారు, చదివాను. వరసగా చెయ్."

"అక్కా, అందరికీనా?"

"టిక్కు పెట్టాను పేర్ల పక్కన. టిక్కులున్నవాళ్ళకి చాలు."

పుస్తకం తెరిచాను. టిక్కు లేని పేరు డెంటిస్టుదొక్కటే.

"మాటల్లో పెట్టి నవ్వించావో, చూడు," అంది. "తిన్నగా చెప్పు. మొదట జయంతి గారు. వాళ్ళత్తా మామా జులైలో వెళ్తున్నారు."

డయల్ చేశాను. ఎత్తకపోతే బాగుండనుకున్నాను. మొదటి రింగుకే ఎత్తింది.

"నమస్తే ఆంటీ, నేను రత్నం. రేణు తమ్ముణ్ణి."

"ఓ, రాటర్‌డామ్ రత్నమా! నీకు నూరేళ్ళు, ఇప్పుడే అనుకుంటున్నాం. ఇదిగో మీ అంకుల్ పెన్ను పట్టుకుని ఉన్నారు. ఆ టవరుకి స్టేషన్ నుంచి ఏ ట్రాం ఎక్కాలో చెప్పు బాబూ."

అక్క నా మొహంలోకి చూస్తోంది. బ్రోషర్ పక్క గదిలోనే ఉంది. నిమిషం పని.

"నాకు తెలీదాంటీ. నేనా ఊరు చూళ్ళేదు."

అటు వైపు నుంచి "ఏమంటున్నాడు?" అని అంకుల్ అడగడం వినిపించింది. "చూళ్ళేదంటున్నాడు," అంది ఆంటీ. "మరి ఎవరు చూశారట?" అన్నాడు అంకుల్.

భీమశంకరం మాస్టారు చూశారని చెప్పాను. ఆయన అడ్రసిచ్చాను, అమలాపురం పిన్‌కోడ్‌తో సహా. పెన్ను కాగితం మీద గీసిన చప్పుడు కూడా వినిపించింది.

"సరే బాబూ. ఉత్తరం రాస్తాంలే," అంది ఆంటీ. "నీ పేరు చెప్పమంటావా ఆయనకి?"

"చెప్పండాంటీ," అన్నాను. "ఆయనకి తెలుసు నేను."

ఫోన్ పెట్టేశాను. చెవి వేడెక్కిపోయింది. అక్క మడత విప్పిన చొక్కా పక్కన పెట్టి, నా ఒళ్ళో పుస్తకం తన వైపు తిప్పుకుని, రెండో టిక్కు మీద వేలు పెట్టింది.